సెకండ్ హ్యాండ్ సైకిల్: ఏ నెలలో కొనాలి, ఎంతకు అడగాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు

జూన్ మొదటి వారంలో పాత సైకిల్ కోసం బయల్దేరితే, నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా బేరం మీ చేతిలో ఉండదు. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. పక్క ఊరి హైస్కూలుకు పోవాల్సిన పిల్లలందరికీ ఆ పది రోజుల్లోనే సైకిల్ కావాలి. షాపులో చూస్తే అమ్మకానికి ఉన్నవి నాలుగైదు సైకిళ్లు. అవే సైకిళ్లు నవంబరులో ముసురు పట్టినప్పుడు అడిగే దిక్కు లేక షాపు పంచన తడుస్తుంటాయి. అలాగని వానల్లో చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే, మిగిలిందనుకున్న ఐదు వందలూ తుప్పు పట్టిన చక్రానికే పోతాయి. అందుకే ఏ సైజు, ఏ నెల, ఎంత రిపేరు అన్నది ఇదే వరసలో లెక్క కట్టాలి.

1. ముందు సైజు తేల్చుకోండి

సైజును బట్టే సీజన్ మారుతుంది. సైజు అంటే చక్రం అడ్డకొలత, అంగుళాల్లో. 16 సైజు సైకిల్ ఐదారేళ్ల పిల్లలకు, 20 సైజు సుమారు 115 నుంచి 135 సెంటీమీటర్ల ఎత్తున్న వాళ్లకు, 24 సైజు 150 సెంటీమీటర్ల లోపు వాళ్లకు సరిపోతుంది. ఆపైన 26. వయసు చూసి కొనొద్దు, ఎత్తు చూసి కొనండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లైనా నేలకు ఆనాలి. "ఇంకో రెండేళ్లు వస్తుందిలే" అని పెద్దది కొంటే పిల్లవాడు బ్రేకు వేసి కాలు ఆనించలేక పడతాడు.

రాడ్ బ్రేకుల పెద్ద సైకిల్, అంటే 28 సైజుది, వేరే లెక్క. దానికి బడి సీజన్ లేదు. ఒకప్పుడు పాలవాళ్లు, చేపల వాళ్లు, కూలికి పోయేవాళ్లు దాని మీదే తిరిగేవాళ్లు. ఇప్పుడు చాలామంది మోపెడ్లకు మారారు. అందుకే నిక్షేపంలాంటి పెద్ద సైకిల్ కూడా ఏడాది పొడవునా తక్కువకే దొరుకుతుంది. బరువులు మోయడానికి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడానికి సైకిల్ కావాలంటే మాత్రం డబ్బుకు దీనంత విలువైనది ఇంకోటి లేదు.

2. నెలల లెక్క

మార్చి నెలాఖరు నుంచి మే మధ్య వరకు 26 సైజు సైకిళ్లు బయటికొస్తాయి. ఇంటర్ అయిపోయిన పిల్లలు, హాస్టళ్లు ఖాళీ చేసేవాళ్లు, వేరే ఊరి కాలేజీకి పోయేవాళ్లు అమ్మేస్తారు. నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలు ఎక్కువ కాబట్టి ఈ అమ్మకాలు కళ్లకు కనిపిస్తాయి. వరి కోతల డబ్బు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేలం డబ్బు చేతిలో ఆడేది కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే. కొత్తది కొని పాతది షాపులో వేసేవాళ్లు ఉంటారు. బడి కోసం కొనేవాళ్లకు ఏప్రిల్ నెలను మించింది లేదు. సరుకు ఉంటుంది, వాన తుప్పు ఉండదు, మెకానిక్ కూడా తీరిగ్గా ఉంటాడు.

అదే ఏప్రిల్ నెలాఖరులో 16, 20 సైజు సైకిళ్ల ధర ఎక్కుతుంది. సెలవులిచ్చారంటే పిల్లలు సైకిల్ అడుగుతారు, తాతలు కొనిస్తారు. చిన్న సైకిల్ కావాలంటే జూలై, ఆగస్టు దాకా ఆగండి. సెలవుల్లో మోజు తీరినవి, పిల్లలు ఎదిగి చిన్నవైపోయినవి అప్పుడు వస్తాయి. చిన్న సైకిళ్లలో ఒక మేలు ఉంది. అవి అరిగిపోయి అమ్మకానికి రావు, పిల్లవాడు ఎదిగాడు కాబట్టి వస్తాయి. ధర సగానికి పడినా బండిలో పెద్దగా పోయేది ఉండదు. సంక్రాంతి సెలవులకు ముందు వీటి ధర మళ్లీ కొంచెం కదులుతుంది.

మే చివరి వారం నుంచి జూన్ నెలాఖరు వరకు 24, 26 సైజులకు గిరాకీ శిఖరాన ఉంటుంది. లేడీస్ సైకిళ్లకు మరీనూ. ఊరి నుంచి హైస్కూలు మూడు, నాలుగు కిలోమీటర్లు ఉండి, బడి వేళకు బస్సు లేని చోట్ల ధర దిగనే దిగదు. ఒక్క మినహాయింపు ఉంది. గతంలో "బడికొస్తా" పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్ల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. అలాంటి పంపిణీ జరిగిన ఏడాది ఆ చుట్టుపక్కల పాత లేడీస్ సైకిల్‌ను అడిగేవాళ్లు తగ్గిపోతారు. కాబట్టి ముందు బడిలో కనుక్కోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అన్ని సైజులూ దిగుతాయి. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా కురిసేది ఈ మూడు నెలల్లోనే. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో సైకిల్ కొనడానికి ఎవరూ గడప దాటరు. చేతిలో డబ్బుండి, పని చూసుకోగలిగితే ఈ నెలల్లో మంచి బేరాలు దొరుకుతాయి. ఎలా చూడాలో ఐదో మెట్టులో ఉంది.

గేర్ల సైకిళ్లది ఇంకో దారి. కొత్త సంవత్సరంలో వ్యాయామం చేద్దామని జనవరిలో కొంటారు, ఎండలు ముదిరేసరికి మూల పెడతారు. మార్చి, ఏప్రిల్‌లో వంద కిలోమీటర్లు కూడా తిరగని గేర్ల సైకిల్ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో కనిపిస్తుంది.

3. ఈరోజు కొత్తది ఎంత ఉందో కనుక్కోండి

అమ్మేవాళ్లు తాము కొన్నప్పటి ధర చెబుతారు. మనకు కావాల్సింది ఇవాళ్టి ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాక 5,000 రూపాయలున్న సైకిల్ అంతకుముందు 5,600 పడేది, ఇప్పుడు 5,250. అంతకుముందు కొన్న సైకిల్‌కు పాత బిల్లు చూపించి "ఆరు వేలు పెట్టి కొన్నాం" అంటే, ఆ తేడాను ముందే తీసేయండి. ట్రంకు రోడ్డు షాపుల్లో అదే మోడల్ లేకపోతే దానికి దగ్గరి మోడల్ ధర రెండు చోట్ల అడిగి రాసుకోండి.

ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించేది చెప్పిన ధర, అమ్ముడైన ధర కాదు. మీకు కావాల్సిన సైజువి ఐదారు ప్రకటనలు గుర్తు పెట్టుకుని రెండు వారాలు గమనించండి. రెండు రోజుల్లో మాయమైన ధర అసలు మార్కెట్ ధరకు దగ్గర. పక్షం దాటినా కదలని ధర ఎక్కువ చెప్పినట్టే.

4. లెక్క కట్టండి

ఒక అంచనా ఇది. ఏడాది వాడిన సైకిల్‌కు కొత్త ధరలో 60 నుంచి 65 శాతం, రెండేళ్లదానికి సగం, నాలుగేళ్లు దాటితే మూడో వంతు. ఇది ఫ్రేము బాగున్న బండికి. అందులోంచి రిపేరు ఖర్చు తీసేయాలి. సీజన్ లెక్క ఆఖర్న వేయాలి.

ఉదాహరణకు 26 సైజు లేడీస్ సైకిల్ కొత్తది 6,000 అనుకుందాం. రెండేళ్లు వాడారు కాబట్టి 3,000. వెనక టైరు, ట్యూబు 500, చైను 200, బ్రేకు రబ్బర్లు 100, కూలి 150 అయితే మొత్తం 950. మిగిలింది 2,050. వానాకాలమైతే ఇంకో పది, పదిహేను శాతం తగ్గించి 1,750 నుంచి 1,850 మధ్య అడగండి. జూన్‌లో అయితే అంతే పెరిగి 2,250 నుంచి 2,350 దాకా పోవచ్చు. రెండు సీజన్ల మధ్య తేడా సుమారు 500. రిపేరు 950. చాలామంది 500 కోసం గంటసేపు బేరమాడి, 950 సంగతి చూడకుండా ఇంటికొస్తారు. టైరు, చైను ధరలు మీ ఊళ్లో ఎంతున్నాయో అడిగి ఈ లెక్కలో వేసుకోండి.

పాత ఇనుము ధర ఒకటి అడుగున ఉంటుంది. పెద్ద సైకిల్ ఇంచుమించు 20 కిలోలు. కిలో 25 రూపాయలనుకుంటే 500. ఎంత సీజన్ లేకపోయినా అమ్మేవాడు అంతకన్నా దిగడు.

5. బండిని చూసే పద్ధతి

పగటి వెలుగులో చూడండి. ముందు ఫ్రేము. హ్యాండిల్ కింద, ముందు గొట్టం దగ్గర కింది గొట్టం అతుక్కునే చోట వేలితో తడమండి. పెయింటు ముడతలు పడ్డట్టు ఉంటే గుద్దుకున్న బండి. పక్క నుంచి చూసినప్పుడు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం) వెనక్కి ఒరిగి, ముందు చక్రం పెడలుకు దగ్గరగా ఉన్నా అదే. ఇలాంటివి ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి. కొత్త పెయింటు కేబుళ్ల మీదా, నట్ల మీదా పడి ఉంటే ఏదో దాచారు.

చైనుకు 12 అంగుళాల స్కేలు చాలు. చైనును బిగుతుగా పట్టి ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే ఆ చైనుతో పాటు ఫ్రీ వీలు (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) పళ్లు కూడా అరిగి ఉంటాయి. కొత్త చైను ఒక్కటే వేస్తే తొక్కినప్పుడల్లా జారుతుంది.

క్రాంకును, అంటే పెడళ్లు బిగించి ఉండే కడ్డీలను, రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే లోపల ఇరుసు తిరిగే కప్పులు, బాల్సు (ఇనుప గుండ్లు) పోయాయి. పెద్ద సైకిళ్లలో అయితే క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ వదులై ఉండొచ్చు, అది చిన్న పని.

చక్రం ఎత్తి తిప్పండి. రిమ్ము పక్కకు ఊగితే పుల్లలు బిగించి బెండు తీయొచ్చు. పైకీ కిందికీ ఎగిరితే రిమ్మే వంగింది. ఇక్కడే మన తీరప్రాంతం గొడవ ఉంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి పుల్లల చివరి నిపుల్సు, అంటే పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్లు, బిగుసుకుపోతాయి. పైకి రిమ్ము మెరుస్తూనే ఉంటుంది. కీ పెట్టి తిప్పితే నిపుల్ తిరగదు, పుల్ల విరుగుతుంది. బెండు తీయడం కుదరదు, చక్రం మొత్తం విప్పి అల్లాలి. పెద్ద సైకిల్‌కు ముందు 32, వెనక 40 పుల్లలు. కూలి, పుల్లలు, కొన్నిసార్లు రిమ్ము, అన్నీ కలిసి తడిసి మోపెడవుతుంది. కాబట్టి అమ్మేవాళ్ల అనుమతి అడిగి ఒక్కో చక్రానికి మూడు నాలుగు నిపుల్సు పావు చుట్టు తిప్పి చూడండి. తిరిగితే అంతే వెనక్కి తిప్పేయండి.

వానాకాలంలో, ఆ తర్వాత కొనేటప్పుడు నీళ్లలో మునిగిన బండా అన్నది కనిపెట్టాలి. 2021 నవంబరు పెన్నా వరదల్లాగా, 2023 డిసెంబరు తుపానులాగా ఇళ్లలోకి నీళ్లొచ్చిన ఏడాది ఇవి చాలానే అమ్మకానికొస్తాయి. పైన తుడిచి నూనె రాస్తే పైకి ఏమీ తెలియదు. సీటు పోస్టు పీకి సైకిల్‌ను తలకిందులు చేయండి. ఎర్రటి నీళ్లు కారినా, తుప్పు పొడి రాలినా ఫ్రేము లోపల తింటోంది. తర్వాత చక్రాన్ని మెల్లగా తిప్పుతూ యాక్సిల్ దగ్గర వేలు ఆనించండి. నున్నగా తిరగాలి. గరగరమని వేలికి తెలిస్తే హబ్బులోకి, అంటే చక్రం మధ్యలో ఇరుసు ఉండే గొట్టంలోకి, బురద పోయింది. హబ్బులు విప్పి కడిగి, బాల్సు మార్చి, గ్రీజు పెట్టిస్తే నిలబడుతుంది. ఫ్రేము లోపల తుప్పుకు మందు లేదు.

బ్యాటరీ సైకిల్ అయితే మూడేళ్లు దాటిన బ్యాటరీకి విలువ సున్నా అని లెక్కేయండి.

6. బేరం

చూసిన లోపాలను కాగితం మీద ధరలతో సహా రాసి చూపించండి. "అన్నా, వెనక టైరు పోయింది, చైను సాగింది. తొమ్మిది వందల పైనే పడుద్ది. పోను పద్దెనిమిది వందలకిస్తావా?" అంటే మాట్లాడే దారుంటుంది. ఊరికే సగానికడిగితే షాపాయన ముఖం తిప్పుకుంటాడు. వానాకాలంలో ఇంకో మాట పనిచేస్తుంది. ధర తగ్గించకపోతే ఓవర్‌హాలింగ్ (బండి మొత్తం విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించడం) చేసిమ్మని అడగండి. పని లేని రోజుల్లో షాపాయనకు పోయేది కూలి ఒక్కటే, కాబట్టి త్వరగా ఒప్పుకుంటాడు. జూన్‌లో ఈ మాట చెల్లదు, పంక్చర్లకే తీరిక ఉండదు.

7. మీరు అమ్ముతుంటే

బడి సైజు సైకిల్‌ను మే ఇరవై నుంచి జూన్ పది లోపు అమ్మండి. కడిగి, చైనుకు నూనె వేసి, బ్రేకు రబ్బర్లు, పిడి తొడుగులు, బెల్లు మార్చండి. రెండు, మూడు వందల్లో అయ్యే ఈ పని ధరలో కనిపిస్తుంది. కొత్త టైర్లు వేయించి అమ్మితే ఆ డబ్బు పూర్తిగా తిరిగి రాదు. పెయింటు అసలు వేయించకండి, కొనేవాడికి అనుమానం వస్తుంది. గాలి రెండు రోజుల ముందే కొట్టించి చూడండి, మెల్లగా దిగే పంక్చరుంటే బయటపడుతుంది.

8. కాగితం

ఫ్రేము నంబరు మామూలుగా పెడళ్ల గొట్టం అడుగున గానీ, సీటు గొట్టం మీద గానీ కొట్టి ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే కొనొద్దు, దొంగ బండి కావచ్చు. పాత బిల్లుంటే నంబరు సరిచూడండి. లేకపోతే తెల్లకాగితం మీద ఆ నంబరు, తేదీ, ఇచ్చిన మొత్తం, అమ్మినవాళ్ల పేరు, ఊరు రాసి సంతకం పెట్టించుకోండి. ఫోనులో నంబరు ఫొటో తీసుకోండి.

కొన్నాక వంద కిలోమీటర్ల లోపు ఒకసారి మెకానిక్ దగ్గర పుల్లలు, క్రాంకు, హ్యాండిల్ నట్లు బిగించుకోండి. చక్రం కొత్తగా అల్లించి ఉంటే మరీ ముఖ్యం. కొత్త పుల్లలు మొదటి వారంలోనే సర్దుకుని వదులవుతాయి, అలాగే తిరిగితే రిమ్ము మళ్లీ బెండు వస్తుంది.