ఐసోలేషన్ వార్డులో ఉన్నవారిని ఫోనులో పరామర్శించడం ఎలా?

పరామర్శ అంటే మనకు తెలిసింది ఒకటే. నాలుగు బత్తాయిలు, ఒక కొబ్బరిబోండం పట్టుకెళ్లి, మంచం పక్కన కూర్చుని, రోగి జబ్బు గురించి రోగి కంటే ఎక్కువ మాట్లాడి రావడం. అంటువ్యాధి వార్డులో ఆ వీలు లేదు కాబట్టి జనం అదే పరామర్శను ఫోనులోకి ఎక్కించారు. 2020, 2021లలో హైదరాబాదులో కోవిడ్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ, ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్టు తొడుక్కుని రోగుల చెవి దగ్గర ఫోను పట్టుకుని నేను విన్న కాల్స్‌కు లెక్క లేదు. వాటిలో సగం రోగి కోసం చేసినవి కావు. చేసినవాళ్ల మనసు కుదుటపడడానికి చేసినవి. ఫోను పెట్టేశాక ఇంట్లోవాళ్లకు నిద్ర పట్టేది, రోగికి పట్టేది కాదు.

రేపు వార్డు ఏ జ్వరానిదైనా పద్ధతి ఇదే.

సామాను

ఫోను, పొడుగు వైరున్న ఛార్జరు (ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అందనంత దూరంలోనే ఉంటుంది), వైరున్న ఇయర్‌ఫోన్లు. బ్లూటూత్‌వి పంపకండి, ఒకటి దుప్పట్లో, ఇంకొకటి మంచం కింద దొరుకుతాయి. ఫోనును జిప్ కవరులో పెడితే పైనుంచి స్పిరిట్‌తో తుడవడం మాకు తేలిక. కళ్లజోడు, చెవి మిషన్ తప్పకుండా పంపండి. సరిగ్గా కనపడక, వినపడక పడుకున్న పెద్దవాళ్లు ఆస్పత్రిలో త్వరగా అయోమయంలో పడతారు. “ఫోను లోపలికి రానివ్వం” అని ఎవరైనా అంటే, కోవిడ్ రోగులను వార్డులో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు వాడుకోనివ్వాలని 2020 జూలై చివర్లో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసిన సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

వేళ

రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, ఒకే మనిషి. ఉదయం పది, సాయంత్రం ఐదున్నర. ఐదు నిమిషాలు దాటకూడదు. లోపల ట్యూబులైట్లు ఆరవు, పగలేదో రాత్రేదో తెలియదు. కిట్లలో మేమందరం ఒకేలా ఉంటామని ఛాతీ మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్లం. ఒక పెద్దాయన మాత్రం పేరు చదవకుండా నడకను బట్టి మమ్మల్ని గుర్తుపట్టేవారు. “కుడికాలు ఈడ్చే అమ్మాయి వచ్చింది” అంటే నేనన్నమాట. అలాంటి చోట ఐదున్నరకు మోగే ఫోనే గడియారం. మీరు తీరిక చూసుకుని ఆరున్నరకు చేస్తే, ఆ గంటసేపూ రోగి మనసులో మీ ఇంట్లో ఎన్ని ప్రమాదాలు జరిగిపోతాయో మీకు తెలియదు.

రాత్రి కాల్స్ వద్దు. ఆయాసానికి ఇచ్చే డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు అసలే నిద్రను చెడగొడతాయి.

వీడియో కాల్ మేలని వాదించే డాక్టర్లున్నారు. వాళ్లు ఫోను పట్టుకుని నిలబడరు. తెర మూలన మాస్కుతో ఉబ్బిన తన ముఖాన్ని రోగి చూసుకోవడం, ఇటువైపు కూతురు కొంగు నోట్లో కుక్కుకోవడం నేను చూశాను కాబట్టి నాది ఆడియో పక్షం. పసిపిల్లలను చూపించాలంటే మాత్రం వీడియో. పన్నెండు మంది బంధువుల గ్రూప్ కాల్ అయితే ఎవరికీ వద్దు.

మాట మొదలుపెట్టడం

“ధైర్యంగా ఉండు” అనకండి. పక్క మంచం తెల్లవారేసరికి ఖాళీ అయితే, దుప్పటి మార్చి కొత్త మనిషిని పడుకోబెట్టడం చూసిన మనిషి అప్పటికే మీకంటే ధైర్యంగా ఉన్నాడు. పాలవాడు ఎన్నింటికి వచ్చాడు, బీరపాదు పందిరి ఎక్కిందా, కరెంటు బిల్లు ఎంత వచ్చింది, ఇలాంటివి చెప్పండి. “బిల్లు అంత ఎందుకొచ్చింది?” అని ఆయన విసుక్కుంటే ఆ పూటకు మీ పని అయినట్లే. మాస్కులో ఆక్సిజన్ హోరుకు సగం మాటలు వినపడవు, మాట్లాడితే ఆయాసం. అందుకని అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలే అడగండి. బొటనవేలు ఎత్తితే మేము చెబుతాము.

ఇంతవరకు ఎవరైనా చేయగలరు. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

“మీ నాన్న ఎలా ఉన్నారు?” అని అడిగితే

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి సోకే జబ్బులో భార్య ఒక వార్డులో, భర్త ఇంకో వార్డులో ఉండటం మామూలు. ఆయన పోయారు. ఆమె అడుగుతుంది. కొడుకు మొదటిరోజు “నిద్రపోతున్నారమ్మా” అంటాడు. రెండోరోజు “ఫోను పాడైంది”. మూడోరోజు “వేరే ఆస్పత్రికి మార్చారు”. ఇంటికొచ్చాక నెమ్మదిగా చెప్పుకుందామని కుటుంబమంతా కలిసి తీర్మానం చేసుకుంటారు. ఆ తీర్మానం గురించి ఆమెను తప్ప అందరినీ అడుగుతారు.

కిటికీ పక్క మంచంలో యాభై దాటిన ఒకావిడ ఉండేది. ఒకరోజు కూతుర్ని “ఏం వండావమ్మా?” అని అడిగింది. కూతురు మామూలుగా “పక్కింటివాళ్లు తెచ్చిపెట్టారు” అంది. ఆవిడ ఫోను నా చేతికిచ్చి, “సిస్టర్, మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు” అంది. ఏ ఇంట్లో పొయ్యి వెలిగించరో, ఎప్పుడు పక్కింటివాళ్లు అన్నం తెస్తారో ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత రెండు రోజులు పిల్లలు బాగున్నట్లు నటించారు, ఆవిడ నమ్మినట్లు నటించింది. మొగుడు పోయిన మనిషికి ఏడ్చే వీలు కూడా లేకుండా చేశారు.

అందుకని అబద్ధం వద్దు. అలాగని ఆమె అడగ్గానే ఫోనులో గబుక్కున చెప్పేయడమూ వద్దు. ఇంట్లో మరణం జరిగితే, ఆమెకు కాల్ చేయడానికి ముందు వార్డుకు ఫోను చేసి డ్యూటీ డాక్టరుతో మాట్లాడాలి. మూడు సంగతులు అడగాలి. ఆక్సిజన్ ఎంత మీద నడుస్తోంది? తెలివి నిలకడగా ఉందా? చెప్పేటప్పుడు పక్కన ఎవరు నిలబడతారు? వెంటిలేటరు అంచున ఉన్న మనిషికి ఇప్పుడే వద్దని డాక్టరు అంటే ఆగండి. అలా ఆగడం మంచిదైన సందర్భాలు నేనూ చూశాను. కానీ ఆగడం వేరు, “బాగున్నారు” అనడం వేరు. ఈలోగా ఆమె అడిగితే, “ఆ సంగతి డాక్టరుగారు ఉన్నప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం అమ్మా” అనాలి. దానితో ఆమెకు సగం అర్థమవుతుంది. అర్థం కానివ్వండి. ఈ మాట కూడా ఒకసారే పనిచేస్తుంది, కనుక ఆమె అడిగిందని వెంటనే డాక్టరుకు చెప్పండి.

తర్వాత బంధువులను కట్టడి చేయాలి. దండ వేసిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే మేనల్లుడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. ముందు అతనికి ఫోను చేయండి.

చెప్పేది ఉదయం పదింటి కాల్‌లోనే. ఐదున్నరకు చెబితే ఆమె రాత్రంతా ఆ గోడనే చూస్తూ ఉండాలి. నర్సు పక్కకు వచ్చి, మంచం తల భాగం ఎత్తి, మాస్కు సరిచేసి “సరే” అన్నాకే మొదలుపెట్టండి. చెప్పే మనిషి రోజూ చేసే మనిషే అయి ఉండాలి. పెద్దరికం కోసం బాబాయిని పిలిపించవద్దు.

మాట సూటిగా ఉండాలి. “అమ్మా, చెడ్డ వార్త. నాన్న నిన్న రాత్రి చనిపోయారు.” అంతే. “నాన్న లేరమ్మా” అని ఒక కొడుకు సున్నితంగా చెప్పబోతే, ఆక్సిజన్ హోరులో ఆ తల్లి “లేరా? ఎక్కడికెళ్లారు?” అంది. ఆ అబ్బాయి ఆ మాటను మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. చనిపోయారు అన్న మాట వినడానికి కరుకే, కానీ దానికి ఇంకో అర్థం లేదు.

చెప్పాక నోరు మూసుకోండి. అటునుంచి ఏమీ వినపడదు, అయినా ఫోను పెట్టకండి, ఆ ఖాళీని వేదాంతంతో నింపకండి. ఆమె అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు “తలకొరివి ఎవరు పెట్టారు?” అన్నదే. మున్సిపాలిటీ సిబ్బంది చేశారంటే అదే చెప్పండి. అక్కడ కూడా కథ అల్లితే, ఇంటికొచ్చాక మొదటి వారంలోనే బయటపడుతుంది. గంట తర్వాత మళ్లీ చేయండి. ఆ ఒక్కరోజుకు ఐదు నిమిషాల నియమం లేదు.

“చెబితే గుండె ఆగిపోదా?” అని నన్ను అడగనివాళ్లు లేరు. నాడి వేగం పెరుగుతుంది, ఏడుపుకు ఆక్సిజన్ కొంత పడిపోవచ్చు. నర్సును పక్కన ఉంచమన్నది అందుకే. నేను పక్కన నిలబడిన చోటల్లా వాళ్లు ఏడ్చారు, అలసి పడుకున్నారు, మరుసటి రోజు ఇడ్లీ ముక్క తిన్నారు. అన్నం మానేసింది ఆ కిటికీ పక్క ఆవిడ.

ఇంకో రెండు సంగతులు

గోడ మీద పాములు పాకుతున్నాయని, నర్సులు విషం కలుపుతున్నారని రోగి అంటే వాదించకండి, నవ్వకండి. అది పిచ్చి కాదు. ఆక్సిజన్ తగ్గడం, జ్వరం, మందులు, నిద్రలేమి మెదడును అలా కలచివేస్తాయి. మీరెవరో, ఇవాళ ఏ వారమో, ఆయన ఎక్కడున్నారో ఒకసారి నెమ్మదిగా చెప్పి, వెంటనే వార్డుకు తెలియజేయండి. ఉన్నట్టుండి మాట తగ్గి మగతగా ఉన్నా ఇదే సంగతి కావచ్చు. అరిచేవాళ్లను అందరూ గమనిస్తారు, మగతగా ఉన్నవాళ్లను ప్రశాంతంగా ఉన్నారనుకుంటారు.

“బతకాలని లేదు” అంటే ఆ కాల్ కట్ చేయకుండా, ఇంకో ఫోనుతో అదే నిమిషంలో వార్డుకు చెప్పండి. “అలా అనకూడదు, తప్పు” అని కసురుకోకండి.

డిశ్చార్జి అయ్యాక పది, ఐదున్నర కాల్స్ ఇంకో రెండు వారాలు మానకండి, మీరు అదే ఊళ్లో ఉన్నా సరే. ఆ తర్వాత కూడా నిద్ర పట్టకపోయినా, మానిటరు మోత చెవుల్లో వినపడుతోందన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు కలిపి ఫోను రోగి చేతికిచ్చి, మీరు గదిలోంచి బయటికి రండి.