'పడదు' అన్నది నిజమేనా? అలర్జీని తేల్చుకోవడం ఎలా?

మన ఇళ్లలో అలర్జీకి పాత పేరు 'పడకపోవడం'. వంకాయ పడదు, గోంగూర పడదు, పెన్సిలిన్ పడదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కసారి అన్నారంటే ఆ మాట జీవితాంతం వెంట ఉంటుంది. చిన్నప్పుడు దద్దుర్లు వచ్చాయని నాకు ఇరవై ఏళ్లు వంకాయ పెట్టలేదు. చివరికి ఒక పెళ్లి పంక్తిలో మొహమాటానికి గుత్తి వంకాయ తిన్నాను. ఏమీ కాలేదు. (మీరూ అలా తిని చూడమని కాదు. దానికి ఒక పద్ధతి ఉంది, కింద చెబుతాను.)

ఇప్పుడు ఈ మాటకు ల్యాబ్ రిపోర్టులు తోడయ్యాయి. కర్ణాటకలో పెద్దవాళ్ల మీద జరిపిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. పరీక్షించిన ఆహారాల్లో ఏదో ఒకదానికి పాజిటివ్ వచ్చినవాళ్లు 26.5 శాతం. తిన్నప్పుడు లక్షణాలు కూడా వచ్చి, అది అలర్జీయే కావచ్చని తేలినవాళ్లు 1.2 శాతం మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో చూడండి. రిపోర్టు చూసి తిండి మానేసే ముందు చేయాల్సిన పనులు ఇవి.

1. ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి

రెండు మూడు వారాలు రాయండి. ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది, ఆ రోజు జ్వరం ఉందా, నొప్పుల బిళ్ల వేసుకున్నారా, బాగా పరిగెత్తారా. దద్దుర్లు డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మాయమైపోతాయి కాబట్టి వచ్చినప్పుడే ఫోన్‌లో ఫొటో తీయండి.

అన్నిటికన్నా ముఖ్యం టైము. ఆహార అలర్జీ సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపే బయటపడుతుంది. తిన్న ప్రతిసారీ వస్తుంది. నిన్న మధ్యాహ్నం తిన్న గోంగూర వల్ల ఈరోజు సాయంత్రం దురద వచ్చిందంటే నమ్మడం కష్టం. ఆరు వారాలకు మించి దాదాపు రోజూ దద్దుర్లు వస్తుంటే దానికి తిండి కారణం కావడం చాలా అరుదు. అలాంటివాళ్లు పథ్యాలతో చిక్కిపోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ముక్కు సమస్య అయితే వేరే ప్రశ్నలు: తుమ్ములు పొద్దున లేవగానేనా? ఇల్లు ఊడ్చినప్పుడా? ఏడాది పొడవునా, ఏదో ఒక కాలంలోనేనా? పక్కబట్టల్లో ఉండే, కంటికి కనిపించని దుమ్ము పురుగులైతే ఏడాదంతా వేధిస్తాయి. సర్కారు తుమ్మ లాంటి చెట్ల పుప్పొడి అయితే పూత కాలంలో ఎక్కువ.

2. పరీక్షకు వెళ్లే ముందు ఏది ఆపాలి, ఏది ఆపకూడదు

చర్మం మీద చేసే ప్రిక్ టెస్టుకు దాదాపు వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటి అలర్జీ బిళ్లలు ఆపమంటారు. జలుబు బిళ్లల్లోనూ ఆ జాతి మందులు కలిసి ఉంటాయి, అది మర్చిపోతారు. ఉబ్బసం ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. మృగశిర కార్తెకు చేప మందు వేయించుకున్నా సరే, ఇన్‌హేలర్ ఆపకండి. బిళ్లలు ఆపలేని పరిస్థితి ఉంటే ఐజీఈ (అలర్జీని కలిగించే యాంటీబాడీ) రక్తపరీక్ష చేయించుకోవచ్చు, దానికి మందులు అడ్డు రావు.

ప్రిక్ టెస్టులో ముంజేతి మీద చుక్కలు వేసి, చిన్న మొనతో గీరినంత పనిగా గుచ్చుతారు. 15-20 నిమిషాలకు చూస్తారు. ఏమీ లేని ద్రవం వేసిన చోటు కన్నా 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉబ్బితే పాజిటివ్. పొలం గట్ల మీద వయ్యారిభామ తగిలి మెడ, ముఖం, మోచేతి మడతలు మాడినట్టు నల్లబడి దురద పెట్టేవాళ్లకు ఈ టెస్టు పనికిరాదు. వాళ్లకు కావాల్సింది ప్యాచ్ టెస్టు. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలు ఉంచుతారు, తీశాక మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు.

3. రిపోర్టును ఎలా చదవాలి

పాజిటివ్ అంటే మీ ఒంట్లో ఆ పదార్థాన్ని గుర్తుపట్టే ఐజీఈ ఉందని మాత్రమే. అది ఉన్నా హాయిగా తినేవాళ్లు బోలెడు మంది. అంకె పెద్దదైతే నిజమైన అలర్జీ అయ్యే అవకాశం పెరుగుతుంది కానీ, రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందో ఆ అంకె చెప్పదు. అందుకే రిపోర్టు పక్కన మీ నోట్‌బుక్ పెట్టి చూడాలి. రెండూ ఒకే మాట చెబితేనే లెక్క.

ఈ మధ్య పరీక్షలు ఇంకొంచెం లోతుకు వెళ్లాయి. పల్లీ మొత్తానికి కాకుండా, అందులోని ఒక్కో ప్రొటీన్‌కు విడివిడిగా చూస్తారు. 'అరా హెచ్ 2' అనే ప్రొటీన్‌కు పాజిటివ్ వస్తే పల్లీ అలర్జీ నిజమయ్యే అవకాశం ఎక్కువ. కొన్ని ఇతర ప్రొటీన్లకు వస్తే అది పుప్పొడితో పోలిక వల్ల వచ్చిన గందరగోళం కావచ్చు.

ఇక వంద, రెండు వందల ఆహారాల జాబితాతో వచ్చే ఐజీజీ (ఐజీఈ కాదు, ఇంకో రకం యాంటీబాడీ) ప్యాకేజీలు. దండగ. ఆహారం తింటూ ఉంటే ఐజీజీ తయారవడం సహజం, అది అలర్జీకి గుర్తు కాదు. దీన్ని అలర్జీ నిర్ధారణకు వాడవద్దని అమెరికా, యూరప్ అలర్జీ నిపుణుల సంఘాలు ఎప్పుడో చెప్పేశాయి. మా బంధువుల అమ్మాయి ఇలాంటి రిపోర్టు పట్టుకుని పాలు, గోధుమ, గుడ్డు, కందిపప్పు అన్నీ మానేసింది. మూడు నెలల తర్వాత దురద అలాగే ఉంది, హిమోగ్లోబిన్ తగ్గింది.

4. అనుమానం మిగిలితే, డాక్టరు ఎదుట తిని చూడాలి

ఆహార అలర్జీని ఖాయంగా తేల్చే పరీక్ష ఇదే. ఆసుపత్రిలో, మందులు సిద్ధంగా పెట్టుకుని, రవ్వంతతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ పెడతారు. ఇంట్లో చేయకూడదు.

అనవసరంగా మానడం వల్ల నష్టం కూడా ఉంది. లండన్‌లో జరిగిన లీప్ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎండి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లలను రెండు జట్లు చేశారు. పల్లీకి దూరంగా ఉంచిన జట్టులో ఐదేళ్లకు 17.2 శాతం మందికి పల్లీ అలర్జీ వచ్చింది. మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టి తినిపించిన జట్టులో 3.2 శాతానికే. ఆలస్యంగా పెట్టడమే మంచిదన్న పాత సలహా తలకిందులైంది. ఎగ్జిమా ఉన్న పాపకైతే డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పల్లీలు గింజలుగా వద్దు, గొంతులో అడ్డుపడతాయి. మెత్తగా నూరి కలపాలి.

5. తేలాక మందులు

ముక్కు అలర్జీ బాగా వేధిస్తుంటే బిళ్లల కన్నా స్టెరాయిడ్ ముక్కు స్ప్రే బాగా పనిచేస్తుంది. 'రెండు రోజులు కొట్టాను, ఏం లేదు' అనేవాళ్లే ఎక్కువ. అది పూర్తిగా పట్టడానికి రెండు వారాల వరకూ పడుతుంది, రోజూ వాడాలి. పద్ధతి కూడా ముఖ్యం. ముందు ముక్కు చీదండి. తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో పట్టుకుంటే మొన దానంతటదే బయటివైపు, చెవి దిక్కుకు తిరుగుతుంది. మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది. కొట్టాక మెల్లగా పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి పోతుంది.

ముక్కు అలర్జీకి, ఉబ్బసానికి ఇచ్చే మాంటెలుకాస్ట్ బిళ్ల వాడేవాళ్లు ఒకటి గమనించండి. నిద్ర చెడినా, పీడకలలు వచ్చినా, పిల్లల ప్రవర్తన మారినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దీనిపై తన అత్యంత గట్టి హెచ్చరిక వేయించింది.

అలర్జీ ఇమ్యునోథెరపీ 1911 నుంచి ఉంది. పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గా, ఇప్పుడు నాలుక కింద బిళ్లగా కూడా ఇస్తారు. కనీసం మూడేళ్లు ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి.

అమెరికాలో పిల్లలున్న తెలుగువాళ్లు అడిగే కొత్త మందు ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్. 2024 ఫిబ్రవరిలో అక్కడ దీన్ని ఆహార అలర్జీకి అనుమతించారు. ట్రయల్‌లో ఈ మందు తీసుకున్నవాళ్లలో 67 శాతం మంది రెండు మూడు పల్లీలంత ప్రొటీన్‌ను తట్టుకున్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 7 శాతమే. ఇది పొరపాటున నోట్లో పడ్డదానికి రక్షణ మాత్రమే, పల్లీ చట్నీ తినడానికి లైసెన్సు కాదు.

6. ప్రాణం మీదికి వస్తే

దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం, వరుస వాంతులు మొదలైతే అది అనఫిలాక్సిస్. దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండలోకి. సెట్రిజిన్ వేసి చూద్దామని ఆగకండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, లేపి నడిపించకండి. 108కి ఫోన్ చేయండి. ఒకసారి ఇలా అయినవాళ్లు ఇంట్లో ఏం ఉంచుకోవాలో, ఎంత మోతాదో డాక్టరుతో రాయించుకోవాలి.

7. పెన్సిలిన్ పడదని ఫైలు మీద ఉంటే

చిన్నప్పుడు ఎప్పుడో ఒళ్లు దద్దురెక్కిందని ఎర్ర ఇంకుతో రాసి ఉంటుంది. అలా రాసి ఉన్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి పరీక్ష చేస్తే అలర్జీ ఉండదు. 2023లో వెలువడిన ప్యాలెస్ ట్రయల్‌లో ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు చర్మ పరీక్ష లేకుండానే ఆసుపత్రిలో నోటి ద్వారా పెన్సిలిన్ ఇచ్చి చూశారు. రియాక్షన్ వచ్చింది 0.5 శాతం మందికే, చర్మ పరీక్ష చేసిన జట్టులోనూ అంతే. అప్పట్లో ఊపిరి ఆడనివాళ్లకు, చర్మం ఊడినవాళ్లకు ఇది వర్తించదు. మిగతావాళ్లు డాక్టరును అడగండి. పరీక్షలో ఏమీ కాకపోతే ఫైలు మీద ఆ ఎర్ర ఇంకు మాట కొట్టేయించి, పక్కన తేదీ వేయించుకోండి.