మసాజ్ సెంటర్‌లో టిప్ ఎంత, ఎప్పుడు, ఎవరికి? లోపల ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు?

మసాజ్‌కి మొదటిసారి వెళ్ళేవాళ్ళు తడబడేది రెండు చోట్ల: బట్టలు ఎంతవరకు విప్పాలి, వచ్చేటప్పుడు డబ్బులు ఎవరి చేతిలో పెట్టాలి. ఈ రెండూ మొహమాటపడి ఎవరినీ అడగరు. అడగకపోవడం వల్లే గంటసేపు బిగుసుకుపోయి పడుకుని, చివర్లో టిప్ ఎక్కువ ఇచ్చామో తక్కువ ఇచ్చామో తెలియక బయటపడతారు. నిజానికి ఇబ్బంది పెట్టే విషయాల్లో చాలావరకు అపాయింట్‌మెంట్ తీసుకునే ఫోన్ కాల్‌లోనే తేలిపోతాయి.

ఫోన్‌లోనే అడగాల్సినవి

60 నిమిషాల మసాజ్ అంటే చేతులు మీద పడేది 60 నిమిషాలా, లేక బట్టలు మార్చుకోవడం, ముందు మాట్లాడటం కూడా అందులోనేనా అని అడగండి. చాలాచోట్ల గంట అని చెప్పినదాంట్లో అసలు మర్దన 50 నిమిషాలే ఉంటుంది. అది మోసమేమీ కాదు, కానీ ముందు తెలియకపోతే పది నిమిషాలు కొట్టేశారనిపిస్తుంది, ఆ కోపం టిప్ మీద పడుతుంది.

ఏ రకం మసాజో సరిగ్గా చెప్పండి. స్వీడిష్ అంటే నూనె రాసి పొడవుగా, మెత్తగా చేసేది. అలసట తీరడానికి బాగుంటుంది. డీప్ టిష్యూ అంటే కండరం లోపలి పొరల దాకా నిదానంగా నొక్కేది. మరునాడు ఒళ్ళు నొప్పిగా ఉండొచ్చు. థాయ్ మసాజ్‌కి నూనె ఉండదు, వదులుగా ఉండే బట్టలు వేసుకుని నేల మీద పరుపు మీదే చేయించుకుంటారు. లాగడం, వంచడం ఎక్కువ. షియాట్సు, అంటే వేళ్ళతో, అరచేతులతో నొక్కే జపాన్ పద్ధతి, కూడా బట్టల మీదే. అభ్యంగనానికి వెళ్తే తల నుంచి పాదాల దాకా నూనె కారుతుంది, ఇద్దరు థెరపిస్టులు రెండు వైపులా నిలబడి చేయడమూ ఉంటుంది. పాత బట్టలు వేసుకెళ్ళండి, ఆ తర్వాత ఎక్కడికీ పని పెట్టుకోకండి. పాదాల్లో కొన్ని చోట్ల నొక్కే రిఫ్లెక్సాలజీకైతే ప్యాంటు మోకాళ్ళ దాకా మడిస్తే చాలు. ఒకటి బుక్ చేసి ఇంకొకటి ఆశించడం దగ్గరే సగం ఫిర్యాదులు పుడతాయి. స్వీడిష్‌కి డబ్బు కట్టి డీప్ టిష్యూ చేయలేదని అలిగితే అది థెరపిస్ట్ తప్పు కాదు కదా.

థెరపిస్ట్ ఆడవారా మగవారా అన్నది కూడా ఫోన్‌లోనే చెప్పాలి. ఎవరికైనా ఈ ఇష్టం ఉండొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. గదిలోకి వెళ్ళాక చెబితే మాత్రం వచ్చినవారికి అవమానంగా ఉంటుంది, మార్చడానికి వేరేవారు ఖాళీగా ఉండకపోవచ్చు కూడా.

చివరగా, సర్వీస్ ఛార్జీ బిల్లులో ముందే కలుపుతారా, కలిపితే అది థెరపిస్ట్‌కి వెళ్తుందా అని అడగండి. హోటళ్ళు, రిసార్టుల్లో ఉండే స్పాలలో కొన్నిచోట్ల అలా కలుపుతారు. అడగడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, కౌంటర్‌లో ఉన్నవారికి రోజూ వినే ప్రశ్నే.

వెళ్ళే ముందు

కడుపునిండా తిని వెళ్ళకండి. గంటన్నర, రెండు గంటల ముందే తేలికగా తినండి. బోర్లా పడుకుని పొట్ట మీద బరువు పడితే తిన్నది గొంతులోకి వస్తుంది. మందు తాగి వెళ్తే మంచి సెంటర్ ఏదైనా వెనక్కి పంపేస్తుంది. తాగినవారికి నొప్పి సరిగ్గా తెలియదు, లేచేటప్పుడు తూలి పడతారు. స్నానం చేసి, గోళ్ళు తీసుకుని వెళ్ళండి. ఘాటైన సెంటు వద్దు. మూసి ఉన్న చిన్న గదిలో గంటసేపు ఆ వాసన పీల్చాల్సింది ఎదుటివారు. గొలుసులు, ఉంగరాలు ఇంట్లోనే వదిలేస్తే మంచిది. కాంటాక్ట్ లెన్సులు ఉంటే తీసేయండి, బోర్లా పడుకున్నప్పుడు తల పెట్టే గుంట కళ్ళ చుట్టూ నొక్కుకుంటుంది.

10–15 నిమిషాలు ముందు చేరండి. ఆలస్యమైతే మీ సమయంలోంచే తగ్గుతుంది, ఎందుకంటే తర్వాతి మనిషి బయట కూర్చుని ఉంటారు. అలా తగ్గిన సమయానికి పూర్తి బిల్లు కట్టాలి, టిప్ కూడా పూర్తి బిల్లు మీదే లెక్క. రాలేకపోతే కనీసం 24 గంటల ముందు చెప్పండి. చాలామంది థెరపిస్టులకు చేసిన మసాజ్‌కే డబ్బు వస్తుంది, ఖాళీగా కూర్చున్న గంటకు రాదు.

దాచకూడనివి

ముందు ఇచ్చే ఆరోగ్య వివరాల ఫారాన్ని చాలామంది చూడకుండా సంతకం పెట్టేస్తారు. దాంట్లో నిజం రాయండి. రక్తం పలచబడే మందులు వాడేవారికి గట్టిగా నొక్కితే కమిలిపోతుంది. జ్వరం, అంటుకునే చర్మవ్యాధి ఉంటే వెళ్ళనే వద్దు. ఈ మధ్య ఆపరేషన్ అయినవారు, ఎముకలు పెళుసుబారినవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టర్‌ని అడిగి వెళ్ళాలి. గర్భిణి అయితే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, దిండ్లు పెట్టి చేయడం తెలిసినవారే చేయాలి.

ఒక్కటి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: ఒకే కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని పిసికించుకోవడానికి వెళ్ళకూడదు. లోపల సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కాలు ముందు డాక్టర్ చూడాలి.

నూనె సంగతి కూడా అడగండి. బాదం నూనె చాలాచోట్ల వాడతారు. బాదం, జీడిపప్పు లాంటివి పడనివారికి అది ప్రమాదం.

గదిలో

థెరపిస్ట్ బయటికి వెళ్ళి తలుపు వేశాకే బట్టలు మార్చుకోవాలి. ఎంతవరకు విప్పాలన్నది మీ ఇష్టం. లోదుస్తులు ఉంచుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. డిస్పోజబుల్ లోదుస్తులు ఇస్తే అవి వేసుకోండి. టేబుల్ మీద పడుకుని దుప్పటి లేదా టవల్ కప్పుకోండి. పద్ధతి తెలిసిన థెరపిస్ట్ పని చేస్తున్న భాగం మీద మాత్రమే దుప్పటి మడిచి, అది అయ్యాక మళ్ళీ కప్పి, తర్వాతి భాగానికి వెళ్తారు. రొమ్ములు, జననాంగాలు మొదటి నుంచి చివరిదాకా కప్పే ఉంటాయి. పొట్ట, పిరుదులు, ఛాతీ పైభాగం లాంటి చోట్ల చేయాలంటే ముందు అడుగుతారు. వద్దంటే వద్దు, అంతే.

ఒత్తిడి గురించి నోరు విప్పండి. ఒకటి నుంచి పది దాకా కొలత పెట్టుకుంటే, ఏడు దగ్గర చాలామందికి హాయైన నొప్పి ఉంటుంది. ఊపిరి బిగబట్టడం, పిడికిలి బిగించడం మొదలైతే ఏడు దాటిందని అర్థం. ఆ స్థితిలో కండరం ఎదురు తిరిగి ఇంకా గట్టిపడుతుంది, నొప్పి భరించినందుకు దక్కేదేమీ ఉండదు. 'కొంచెం తగ్గించండి', 'కుడి భుజం దగ్గర ఇంకాస్త', 'చలిగా ఉంది', 'మాట్లాడకుండా ఉంటే బాగుంటుంది': వీటిలో ఏదీ అమర్యాద కాదు. మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేస్తే మిగతా సమయమంతా మీదవుతుంది. తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం ఉంటే మాత్రం వెంటనే ఆపమనండి, అది నరం మీద పడుతున్న ఒత్తిడి.

నిద్ర పట్టడం, గురక, కడుపులో గుడగుడ, ఉన్నట్టుండి కళ్ళలో నీళ్ళు, ఇవన్నీ వాళ్ళు రోజూ చూసేవే. మగవారికి అంగం గట్టిపడటం కూడా శరీరం తనంతట తాను చేసే పని కావొచ్చు. దాని గురించి మాట్లాడకుండా, బోర్లా తిరుగుతానని అడిగి ఊరుకుంటే అక్కడితో అయిపోతుంది. దాన్ని మాటల్లోకి, సైగల్లోకి తెస్తేనే తప్పవుతుంది.

గీత ఎక్కడ ఉంది

మసాజ్ అంటే మసాజే. 'ఇంకేమైనా ఉందా' అని నవ్వుతూ అడగడం, దుప్పటి కావాలని జార్చడం, థెరపిస్ట్‌ని తాకడం, ఫోన్ నంబర్ అడగడం, వాళ్ళ అందం గురించి వ్యాఖ్యానించడం: వీటిలో ఏది చేసినా మసాజ్ అక్కడికక్కడే ఆపేసి వెళ్ళిపోయే హక్కు థెరపిస్ట్‌కి ఉంది. అలా ఆగితే బిల్లు మొత్తం కట్టాల్సిందే, డబ్బు వాపసు అడగడానికి వీల్లేదు. ఎక్కువ టిప్ ఇస్తానన్న మాట ఆ అడగడానికి ముందు వచ్చినా వెనక వచ్చినా తేడా లేదు.

గీత రెండు వైపులా ఉంది. థెరపిస్ట్ చెయ్యి పోకూడని చోటికి పోయినా, అడగని సేవ ఇస్తామని డబ్బు అడిగినా, 'ఆపండి' అని గట్టిగా చెప్పి లేచిపోండి. కారణం వివరించాల్సిన పనిలేదు. బట్టలు వేసుకుని మేనేజర్‌తో మాట్లాడండి, అవసరమైతే పోలీసులతో. అలాంటప్పుడు టిప్ గురించి ఆలోచనే అక్కర్లేదు.

ఇక టిప్

టిప్ ఇచ్చే అలవాటు ఉన్న ప్రాంతాల్లో పది నుంచి ఇరవై శాతం మధ్య ఇస్తారు. లేని ప్రాంతాల్లో ఇస్తే ఇబ్బంది పడి తిప్పి ఇచ్చేస్తారు కూడా. కొత్త చోట 'ఇక్కడ టిప్ తీసుకుంటారా?' అని కౌంటర్‌లో ఒక్క మాట అడగడం కంటే మంచి దారి లేదు.

శాతం దేని మీద అన్నది చాలామంది పొరబడే చోటు. కూపన్‌తో, ఆఫర్‌తో వెళ్ళినప్పుడు టిప్ అసలు ధర మీద లెక్కకట్టాలి. ధర 3000, ఆఫర్‌లో 1500 కట్టారనుకోండి, పది శాతం అంటే 300, 150 కాదు. ధర సగమైందని థెరపిస్ట్ చేతులు సగం కష్టపడలేదు. ఎవరో ఇచ్చిన గిఫ్ట్ కార్డుకీ ఇదే లెక్క. ఇచ్చినవారు టిప్ కూడా కట్టారో లేదో కౌంటర్‌లో కనుక్కోండి. పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే చివర్లో ఒకేసారి కాకుండా ఏ రోజుకారోజు ఇవ్వండి, ఎందుకంటే ప్రతిసారీ అదే మనిషి ఉండరు. ఇద్దరు కలిసి చేసినా, జంటగా వెళ్ళి ఇద్దరు థెరపిస్టుల దగ్గర చేయించుకున్నా, ఎవరిది వాళ్ళకు విడిగా అందేలా చూడండి. ఒక్కరి చేతిలో పెడితే పంచుకుంటారులే అనుకోవద్దు.

బిల్లులో సర్వీస్ ఛార్జీ ఉండి, అది థెరపిస్ట్‌కే వెళ్తుందంటే ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. వెళ్ళదంటే విడిగా ఇవ్వండి. ఆసుపత్రిలో, ఫిజియోథెరపీ క్లినిక్‌లో డాక్టర్ రాసిన చికిత్సగా జరిగేదానికి టిప్ ఉండదు. సెంటర్ యజమానే స్వయంగా చేస్తే టిప్ తప్పనిసరి కాదు, ధర వాళ్ళే పెట్టుకున్నారు కాబట్టి. ఇస్తే కాదనేవారు తక్కువ. శిక్షణ కేంద్రాల్లో విద్యార్థులు చేస్తే టిప్ తీసుకోకూడదన్న నియమం ఉండొచ్చు, అడిగి ఇవ్వండి. టేబుల్, దుప్పట్లు మోసుకుని ఇంటికి వచ్చి చేసేవారికి మామూలుకన్నా కాస్త ఎక్కువే ఇవ్వాలన్నది మా అభిప్రాయం. మీ గంట కోసం వాళ్ళకు రెండు మూడు గంటలు పడుతుంది.

ఎప్పుడు? మసాజ్ అయిపోయి, బట్టలు వేసుకుని బయటికి వచ్చాక. ముందే నోటు చేతిలో పెట్టడం మర్యాద అనుకుంటారు కొందరు. మూసి ఉన్న గదిలో, పని మొదలుకాకముందే ఇచ్చిన డబ్బుకి వేరే అర్థం వస్తుంది. దేనికోసం ఇస్తున్నారోనన్న బెదురుతో థెరపిస్ట్ ఆ గంటంతా జాగ్రత్తగా, దూరంగా ఉంటారు. మీకు దక్కేది అరకొర మసాజే. బయట నీళ్ళు ఇచ్చేటప్పుడు చేతికి ఇవ్వొచ్చు, లేదా కౌంటర్‌లో కవరు తీసుకుని థెరపిస్ట్ పేరు రాసి ఇవ్వొచ్చు. నగదు నేరుగా చేరుతుంది. కార్డులో కలిపితే కొన్నిచోట్ల అందరికీ పంచుతారు, కొన్నిచోట్ల జీతంతో పాటు ఆలస్యంగా వస్తుంది. అందుకే చిల్లర నోట్లు దగ్గర ఉంచుకుని వెళ్ళడం నయం.

బాగా చేయకపోతే? ముందు మిమ్మల్ని మీరు అడగండి: ఒత్తిడి చాలలేదని లోపల చెప్పారా? చెప్పకుండా ఉండి టిప్ ఎగ్గొడితే ఎందుకు ఇవ్వలేదో వాళ్ళకు ఎప్పటికీ తెలియదు, పిసినారి అనుకుంటారు. చెప్పినా వినకపోతే, మధ్యలో ఫోన్ చూసుకుంటే, సమయం కోసేస్తే టిప్ తగ్గించి, కారణం మేనేజర్‌కి చెప్పండి. మంచి సెంటర్లు ఇంకో థెరపిస్ట్‌తో మళ్ళీ చేయించడమో, కొంత తగ్గించడమో చేస్తాయి.

టిప్ ఇవ్వలేని పరిస్థితి ఉంటే, థెరపిస్ట్ పేరుతో రాసిన రివ్యూ, మళ్ళీ వాళ్ళ దగ్గరే అపాయింట్‌మెంట్ తీసుకోవడం కూడా వాళ్ళకు పనికొస్తాయి. డబ్బుకి బదులు కాదు కానీ, ఏమీ ఇవ్వకపోవడం కంటే చాలా మేలు.

తర్వాత

టేబుల్ మీంచి ఒక్కసారిగా లేవకండి. పక్కకు తిరిగి, కూర్చుని, ఒక నిమిషం ఆగి దిగండి; రక్తపోటు తగ్గి కళ్ళు తిరగడం మామూలే, పైగా కాళ్ళకు నూనె ఉంటుంది. నీళ్ళు తాగండి, దాహం తీరడానికి. మసాజ్ వల్ల ఒంట్లోని విషాలు బయటికి పోతాయని, వాటిని కడగడానికి లీటర్లకొద్దీ నీళ్ళు తాగాలని చెబితే నమ్మక్కర్లేదు. డీప్ టిష్యూ తర్వాత ఒకటి రెండు రోజులు వ్యాయామం చేసినట్టు నొప్పి ఉండొచ్చు. నొప్పి మూడో రోజు దాటినా, తిమ్మిరి పోకపోయినా, ఎక్కడైనా వాపు వచ్చినా డాక్టర్‌కి చూపించి, సెంటర్‌కి కూడా ఫోన్ చేసి చెప్పండి.