ఏడు కిలోల సంచితో బ్యాంకాక్‌కి మొదటిసారి

మా పిన్ని కొడుకు వచ్చే నెల బ్యాంకాక్ వెళ్తున్నాడు. ఒక్కడే, అదీ మొదటి విదేశీ ప్రయాణం. రోజూ ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతున్నాడు. మలక్‌పేట నుంచి నేను రెండుసార్లు వెళ్లొచ్చాను, రెండుసార్లూ వీపు మీద సంచితోనే. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, అదే టెన్షన్‌లో ఉన్నవాళ్లకి పనికొస్తాయని.

ముందు సంచి సంగతి. చౌక విమానాల్లో చాలావాటిలో చేతిసామాను 7 కిలోలు దాటనివ్వరు. అసలు కారణం అది కూడా కాదు. ఆ ఊళ్లో మెట్లు ఎక్కువ, ఉక్క ఎక్కువ, పడవ ఎక్కేటప్పుడు కాలికింద రేవు కూడా ఊగుతుంది. అందుకే అంతా సర్దుకున్నాక ఆ సంచి తగిలించుకుని ఓ మధ్యాహ్నం కోఠి నుంచి చార్మినార్ దాకా నడవండి. నయాపూల్ దాటేసరికి భుజాలు లాగుతుంటే ఇంటికొచ్చి రెండు జతలు తీసేయండి. నేనైతే జీన్స్ తీసేశాను. తడిస్తే ఆరదు. పల్చటి నూలు బట్టలు నాలుగు జతలు చాలు, బసలున్న వీధుల్లో కిలోల లెక్కన ఉతికిచ్చే దుకాణాలున్నాయి. ఒక జత మాత్రం భుజాలూ మోకాళ్లూ పూర్తిగా కప్పేది ఉండాలి, గుడికి అదే వేసుకోవాలి.

వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్ చూసుకోండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 2025 మే నుంచి ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపడం తప్పనిసరి చేశారు. దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. తిరుగు టికెట్, బస బుకింగ్ కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి. అక్కడి ఏటీఎంలు మన కార్డుకి ప్రతిసారీ 200 బాత్‌లకి పైగా కోస్తాయి, అందుకే తీస్తే ఒకేసారి తీయండి.

శంషాబాద్ నుంచి నేరుగా వెళ్తే మూడున్నర గంటలు, అటూ ఇటూగా. గడియారం గంటన్నర ముందుకి జరపాలి. రాత్రి విమానమైతే తెల్లారేసరికి సువర్ణభూమిలో ఉంటారు. విమానాశ్రయం పేరే అది. అక్కడ ట్యాక్సీ కోసం వెతక్కండి. కింది అంతస్తుకి దిగితే రైలుంటుంది, డబ్బు మార్చే కౌంటర్లలో మంచి రేటు ఇచ్చేవీ అక్కడే ఉంటాయి. ఆ రైల్లో చివరి స్టేషన్ ఫయా థాయ్. అక్కడ స్కైట్రైన్ ఎక్కి, సియామ్‌లో మారి, సఫాన్ తాక్సిన్‌లో దిగండి. మెట్లు దిగితే నది, చావ్ ఫ్రయా. నారింజ జెండా పడవ ఎక్కి ఫ్రా ఆథిత్ రేవులో దిగితే చౌక బసలుండే ఖావ్ సాన్ వీధి నడక దూరం. ట్యాక్సీలో అయితే ఇవేవీ చూడకుండా ట్రాఫిక్‌లో కూర్చుంటారు.

ఆ పడవ గురించి కాస్త చెప్పాలి. వెనకాల నిలబడిన కుర్రాడు ఈల వేస్తుంటాడు. ఆ ఈలల్ని బట్టే ముందున్న సరంగు పడవని రేవుకి ఆనిస్తాడు. టికెట్లిచ్చే ఆమె చేతిలో పొడవాటి రేకు గొట్టం ఉంటుంది, అందులో చిల్లరా, టికెట్ల చుట్టలూ. దాన్ని టకటకలాడిస్తూ వస్తుంది. చిల్లర సిద్ధంగా పెట్టుకుని, దిగే రేవు పేరు చెప్పండి చాలు. భిక్షువులు నిలబడే చోటు విడిగా ఉంటుంది, అక్కడ నిలబడకండి. ఆడవాళ్లు వాళ్లకి తగలకుండా చూసుకోవాలి.

మొదటిరోజు ఇంకేమీ పెట్టుకోకండి. స్నానం చేసి, తిని, నది ఒడ్డున తిరగండి.

రెండోరోజు పొద్దున్నే రాజభవనం. 1782లో మొదటి రాముడు అనే రాజు మొదలుపెట్టాడు, ఊరు రాజధాని అయిందీ అప్పుడే. ఎనిమిదిన్నరకి తలుపులు తీస్తారు. నా మొదటి ప్రయాణంలో గోడ పక్కన చక్కగా బట్టలేసుకున్న ఒకాయన ఆపి, ఇవాళ పూజ ఉంది, మూసేశారు అన్నాడు. నమ్మాను. టుక్‌టుక్ ఎక్కించి రత్నాల దుకాణానికి పంపాడు. నేనేమీ కొనలేదు గానీ సగం రోజు పోయింది, ఏడుపొచ్చింది. ఎవరేం చెప్పినా టికెట్ కౌంటర్ దాకా మీ కాళ్లతో మీరే వెళ్లండి.

లోపల అందరూ పచ్చ బుద్ధుడి దగ్గర గుమిగూడతారు. మీరు దర్శనం చేసుకుని చుట్టూ ఉన్న వసారాలోకి రండి. 178 చిత్రాల్లో రామాయణం మొత్తం గోడల మీదుంది, వాళ్లు రామకియన్ అంటారు. ఫ్రా రామ్, సీద, ఫ్రా లక్, దశకంఠుడేమో థోత్సకాన్. హనుమంతుడు తెల్లగా ఉంటాడు. ఒక చోట తన ఒళ్లే వారధిగా చాపితే సైన్యం మీద నుంచి నడిచి వెళ్తుంటుంది. అది మన కథలో నేను వినలేదు. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను. గంటసేపైనా ఈ వసారాకే ఇవ్వండి.

భాష గురించి భయం వద్దు. సవాద్దీ అంటే మన స్వస్తే. మగవాళ్లు చివర ఖ్రాప్, ఆడవాళ్లు ఖా చేరిస్తే మర్యాద. నాలాంటి శాకాహారులు నేర్చుకోవాల్సిన మాట మంగ్‌సవిరత్. మాంసవిరతి అనుకుంటే మరిచిపోరు. అయినా కూరల్లో చేప సాస్ పోసేస్తారు, అందుకని 'మై సై నామ్ ప్లా' అని కూడా చెప్పండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉన్న చోట ఏ అనుమానమూ అక్కర్లేదు, అక్కడ వెల్లుల్లి కూడా వాడరు. బండి మీద జామకాయ ముక్కలకి ఉప్పూ కారంతో పాటు పంచదార కలిపిన పొడి ఇస్తారు. తప్పకుండా తినండి.

తిరుగు ప్రయాణానికి విమానాశ్రయానికి చేరాల్సిన వేళ కన్నా ఓ గంట ముందే చేరండి. ఇమ్మిగ్రేషన్ దాటాక క్షీరసాగర మథనం విగ్రహాలుంటాయి, పొడుగ్గా సాగిన వాసుకి, అటు దేవతలు, ఇటు అసురులు, పైన విష్ణువు. అందరూ ముందు నిలబడి ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు చుట్టూ తిరిగి వాసుకి తోక దాకా చూడండి.