కర్సర్ పేటెంటు వివాదంలో క్లెయిములను చదివే విధానం

తెరపై కర్సర్‌ను కదిలించే పద్ధతి మీద పేటెంటు నోటీసు అందినప్పుడు, శీర్షికను, బొమ్మలను పక్కన పెట్టి, పత్రం చివర ఉండే క్లెయిములను, అంటే ఆవిష్కర్త తనదిగా కోరుతున్నదేమిటో చెప్పే వాక్యాలను, ముందుగా చదవండి. హక్కు ఎంతవరకు అన్నది తేల్చేవి అవే.

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌కు 1970 నవంబరు 17న మంజూరైన అమెరికా పేటెంటు 3541541ను నమూనాగా తీసుకోవచ్చు. చేత్తో జరిపే పరికరం, ఒకదానికొకటి లంబంగా అమర్చిన రెండు చక్రాలు, అవి తిరిగినకొద్దీ విలువ మారే నిరోధకాలు, కంప్యూటరుకు సంకేతాన్ని చేరవేసే తీగ అందులో వర్ణించిన భాగాలు. మీకు ఎదురైన క్లెయిమును ఇలాగే విడదీసి, కాగితం మీద గళ్లు గీసి ఎడమవైపు రాసుకుని, ఎదురుగా మీ పరికరంలో దానికి సరిపోయే భాగాన్ని రాయండి. ఒక్క గడి ఖాళీగా మిగిలినా అక్షరార్థంలో ఉల్లంఘన జరిగినట్లు కాదు. అయితే అంతటితో నిశ్చింతగా ఉండకూడదు. అదే పనిని దాదాపు అదే తీరులో చేసి, అదే ఫలితాన్నిచ్చే భాగాన్ని అమెరికా కోర్టులు సమానమైనదిగా పరిగణించవచ్చు. చక్రాలకు బదులు బంతి వాడితే సమానమా, కాదా అన్న తరహా వాదనలు ఇక్కడే పుడతాయి. వివాదంలో అసలు రసవత్తరమైన ఘట్టం ఇదే.

తరువాత తేదీలు చూడండి. ఆ ఆలోచన కొత్తది కాదని నిరూపించే ఆధారం దరఖాస్తు కంటే ముందుదై ఉండాలి. జర్మనీకి చెందిన టెలిఫుంకెన్ సంస్థ బంతి మౌస్ 1968 అక్టోబరులో, అంటే అదే ఏడాది డిసెంబరులో ఎంగెల్‌బార్ట్ తన మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించడానికి ముందే వెలుగులోకి వచ్చినా, ఆయన దరఖాస్తు 1967 జూన్‌లోనే దాఖలైంది కనుక ఆ ప్రకటన పనికిరాదు. గడువునూ సరిచూసుకోండి: నాటి చట్టం ప్రకారం మంజూరు తేదీ నుంచి 17 ఏళ్లు కాబట్టి, ఈ హక్కు 1987లో ముగిసింది.