“మినీ ఏసీ” అని తెప్పించుకున్న చిన్న కూలర్ గదిని చల్లబరచట్లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మార్చి దాటిందంటే చాలు, ఫోన్ తెరిచినప్పుడల్లా ఒకటే యాడ్లు. చిన్న డబ్బా ఒకటి టేబుల్ మీద పెడితే నిమిషాల్లో గదంతా చల్లబడిపోతుందట, కరెంటు బిల్లు పెరగదట, ఇక ఏసీ కొనే పనే లేదట. వెయ్యో రెండు వేలో పెట్టి తెప్పించుకున్నాక ఎదురయ్యే ఇబ్బందులు కింద రాశాను. అయితే ఒక మాట ముందే చెప్పాలి. వీటిలో చాలావరకు మీకొచ్చిన పీస్ పాడైపోవడం వల్ల వచ్చినవి కావు, కాబట్టి దాన్ని రిపేరు షాపుకు తీసుకెళ్లి ఇంకొంత డబ్బు పోగొట్టుకోకండి.

సమస్య: ఎంతసేపు నడిపినా గది చల్లబడట్లేదు

కారణం: అది ఏసీ కాదు. ఏసీ గదిలో ఉన్న వేడిని పట్టి బయట పారేస్తుంది. అందుకే గోడ అవతల ఒక యూనిట్ ఉంటుంది, చక్రాల మీద నడిచే పోర్టబుల్ ఏసీ అయినా సరే కిటికీలోంచి బయటికి లావుపాటి గొట్టం వదలాల్సిందే. మీ డబ్బాకు గొట్టం లేదు, కంప్రెసర్ లేదు. లోపల ఉన్నది చిన్న ఫ్యాను, తడి ప్యాడ్, అర లీటరు నీళ్లు పట్టే ట్యాంకు, అంతే.

లెక్క వేసి చూడండి. లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే గాలిలోంచి దాదాపు 0.67 యూనిట్ల వేడి పీల్చుకుంటాయి (కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, అంటే 1,000 వాట్లు గంటసేపు). అర లీటరు ట్యాంకు 5 గంటలు వచ్చిందంటే గంటకు 100 మిల్లీలీటర్లు, అంటే సుమారు 67 వాట్ల చల్లదనం. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచే సుమారు 100 వాట్ల వేడి వస్తుంది, అంటే ఆ గదిలో మీరొక్కరు కూర్చుంటే వచ్చే వేడికి కూడా అది సరిపోదు. ఒక టన్ను ఏసీ తీసేది 3,500 వాట్లు. ఈ తేడా ఏ రిపేరుతోనూ పూడేది కాదు.

పరిష్కారం: గది సంగతి వదిలేసి, ఒక్క మనిషికి వాడుకోండి. రెండడుగుల దూరంలో, గాలి ముఖానికో మెడకో నేరుగా తగిలేలా పెడితే కొంత హాయిగానే ఉంటుంది. గదికే కావాలంటే 40, 50 లీటర్ల మామూలు కూలర్ తీసుకుని కిటికీ దగ్గర పెట్టండి, అది బయటి పొడి గాలిని లాక్కుంటూ గంటకు లీటర్ల కొద్దీ నీళ్లు తాగుతుంది కాబట్టే చల్లబరచగలుగుతుంది.

సమస్య: మొదట బాగానే ఉంది, కాసేపటికి ఉక్కపోత

కారణం: తలుపులన్నీ మూసేశారు. యాడ్‌లో అలాగే చూపిస్తారు మరి. ఆవిరైన నీళ్లు ఆ గదిలోనే ఉండిపోతాయి, గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆవిరవడం తగ్గిపోతుంది, పైగా ఒంటికి పట్టిన చెమట కూడా ఆరదు.

పరిష్కారం: కిటికీ తెరవండి. వెనకటి ఇళ్లలో వట్టివేళ్ల తడికెలు గుమ్మానికో కిటికీకో కట్టి నీళ్లు చల్లేవాళ్లు, గది మధ్యలో పెట్టేవాళ్లు కాదు. బయటి వడగాలి ఆ తడి గుండా లోపలికొచ్చి మరోవైపు నుంచి వెళ్లిపోవాలి, అందులో ఉన్న కిటుకంతా అదే.

రేకుల ఇంట్లో పెద్దవాళ్లనో చంటిపిల్లలనో ఉంచి, “ఏసీ ఉందిగా” అని తలుపులేసి మాత్రం వెళ్లకండి, ప్రమాదం. ఈ యాడ్ల మీద నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే: ఏసీ కొనే స్తోమత లేనివాళ్లే వీటిని నమ్ముతారు, వడదెబ్బ ముప్పు ఎక్కువగా ఉండేదీ వాళ్లకే.

సమస్య: కర్నూలులో చుట్టాలింట్లో కూలర్ బాగా పనిచేస్తోంది, వైజాగ్‌లో మా ఇంట్లో పనిచేయట్లేదు

కారణం: తేమ. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, నీటి ఆవిరితో ఆ గాలిని 22, 23 డిగ్రీల దాకా దించే వీలుంది, మంచి కూలర్ దానికి కొంత దగ్గరగా వెళ్తుంది. అదే 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నచోట ఎంత పెద్ద కూలర్ తెచ్చినా 30 కిందికి దిగదు. తెలంగాణ, రాయలసీమ ఏప్రిల్, మే నెలలు మొదటి రకం, సముద్రం పక్క ఊళ్లు రెండో రకం.

పరిష్కారం: కోస్తాలో దీన్ని అసలు కొనకండి. కొనేసి ఉంటే నీళ్లు పోయకుండా ఉత్త ఫ్యానులా వాడండి.

సమస్య: ఐస్ వేసినా తేడా లేదు

300 గ్రాముల ఐస్ కరిగితే పీల్చేది 0.03 యూనిట్లు కూడా లేదు. ఫ్రిజ్ కూడా అదే గదిలో ఉంటే ఆ ఐస్ తయారుచేయడానికి అంతకంటే ఎక్కువ వేడి ముందే గదిలోకి వదిలేసి ఉంటుంది.

సమస్య: గాలి మరీ నెమ్మదిగా వస్తోంది

ఇది నిజంగా బాగయ్యేదే. లాప్‌టాప్‌కో పాత చార్జర్‌కో పెట్టి ఉంటారు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉన్న అడాప్టర్‌కు పెట్టి చూడండి.

సమస్య: టేబుల్ మీద తెల్లటి పొడి, ముక్కిపోయిన వాసన

పొడి పడుతోందంటే మీది పొగమంచులా తుంపర్లు వదిలే రకం, బోరు నీళ్లలోని సున్నం, లవణాలు ఆ తుంపర్లతో పాటు గదిలో పడుతున్నాయి. ఆర్‌ఓ నీళ్లు పోయండి. వాసన ప్యాడ్‌లో పట్టిన బూజుది, వాడనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ప్యాడ్ ఆరబెట్టండి, అప్పటికీ పోకపోతే ప్యాడ్ మార్చాల్సిందే. నిల్వ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది కాబట్టి ఇందులో బద్ధకం వద్దు.

సమస్య: “వాడేశారు, వాపసు తీసుకోం” అంటున్నారు

చట్టం మీ వైపే ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, యాడ్‌లో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్లు దాన్ని వాపసు తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాబట్టి “నచ్చలేదు” అని రాయకండి, “గదిని చల్లబరుస్తుందని చెప్పారు, చల్లబరచట్లేదు” అని రాయండి. యాడ్ స్క్రీన్‌షాట్, బిల్లు, డబ్బా మీద వాట్లు రాసి ఉన్న చోటు ఫోటో జత చేయండి. యాడ్ మాయమవ్వకముందే స్క్రీన్‌షాట్ తీసుకోవడం ముఖ్యం.

అమ్మినవాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు.

చిరునామా, ఫోన్ నంబర్ లేని సైట్‌లో డబ్బు కట్టి, వస్తువే రాకపోతే అది వాపసు గొడవ కాదు, మోసం. ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, మీ బ్యాంకుకు కూడా చెప్పండి.