తొట్టిని లాగే పాత ట్రాక్టరును ఉంచుకోవాలా, మార్చాలా?

పాత ట్రాక్టరును మార్చాలన్న ఆలోచన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సాధారణంగా రెండు సందర్భాల్లో పుడుతుంది: ధాన్యం మోత మధ్యలో బండి మెకానిక్ షెడ్డుకు చేరినప్పుడు, లేదా పక్క రైతు కొత్తది కొని ఇంటి ముందు నిలిపినప్పుడు. ఈ రెండూ నిర్ణయానికి పనికిరాని సమయాలే. సంక్రాంతి దాటి, మిల్లులకు తోలడం ముగిసి, ఖరీఫ్ దమ్ములకు (నాట్లకు ముందు బురద దున్నకాలకు) ఇంకా నెలల వ్యవధి ఉన్నప్పుడు బండిని తీరిగ్గా పరీక్షించి, లెక్కను కాగితం మీద వేసుకుని తేల్చుకోవడం మేలు.

ట్రాక్టరును తప్పుపట్టే ముందు తొట్టిని, అంటే వెనక తగిలించే ట్రాలీని చూడాలి. బండిలో మునుపటి లాగుడు లేదని అనిపించినప్పుడు, తప్పు తొట్టి చక్రాల బేరింగుల్లోనో, గాలి తగ్గిన టైర్లలోనో ఉండడం అరుదేమీ కాదు. ఖాళీ తొట్టిని జాకీ మీద లేపి ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పితే ఏది పట్టేస్తున్నదో, ఏది ఊగుతున్నదో తెలిసిపోతుంది. బరువుతో కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపిన వెంటనే చక్రాల మధ్యనుండే హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూసినప్పుడు ఒక వైపు మాత్రమే కాలుతుంటే, అక్కడి బేరింగు మార్చి, గ్రీజు పెట్టించి, ఆ తరువాతే ట్రాక్టరు సంగతి ఆలోచించాలి. తొట్టిని ట్రాక్టరుకు తగిలించే కొక్కెం పిన్ను అరిగి సన్నబడినా, దాని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగినా బ్రేకు వేసిన ప్రతిసారీ తొట్టి వెనక నుంచి గుద్దుతుంది, ఆ గుద్దుడు గేరుబాక్సు దాకా పోతుంది.

ట్రాక్టరు విషయంలో అందరూ లాగే బలాన్నే అడుగుతారు గాని, తొట్టి పనికి ముందుగా చూడవలసింది ఆపే బలం. ఇక్కడ తిరిగే చాలా తొట్లకు సొంత బ్రేకులు ఉండవు కాబట్టి, బస్తాలతో నిండిన తొట్టి బరువంతా ట్రాక్టరు వెనక చక్రాల బ్రేకుల మీదే ఆగాలి. ఆ బరువెంతో బస్తాల సంఖ్యను బట్టి ఊహించవద్దు, మిల్లు దగ్గర ఇచ్చే కాటా చీటీలు నాలుగైదు తీసి చూస్తే మీరు నిజంగా ఎంత లాగుతున్నారో తెలుస్తుంది. కంపెనీ పుస్తకంలో రాసిన తొట్టి బరువును ఆ చీటీలు దాటుతుంటే, బండి పాతదై అలసిపోయిందని కాక, మొదటి నుంచీ చిన్నదని అర్థం. అలాంటప్పుడు అదే శక్తి గల కొత్త బండి కొన్నా ఫలితం ఉండదు.

బ్రేకు పరీక్షకు రద్దీ లేని సమతల రోడ్డు కావాలి. పొలంలో మలుపుల కోసం విడివిడిగా వాడే ఎడమ, కుడి పెడళ్లను రోడ్డు మీద తప్పనిసరిగా గొళ్లెంతో కలిపి, మొదట ఖాళీగా, తరువాత సగం బరువుతో, తక్కువ వేగంలో ఆపి చూడాలి. బండి ఒక పక్కకు లాగితే రెండు వైపులా అరుగుదల సమానంగా లేదన్నమాట. సర్దుబాటు చేయించాక కూడా అలాగే లాగుతుంటే లైనింగులు గాని, వెనక ఇరుసు సీళ్లు గాని పోయి ఉంటాయి. మన వైపు దమ్ములో రోజుల తరబడి బురద నీటిలో తిరిగే బండ్లకు ఈ సీళ్లు త్వరగా పోయి, నూనె బయటికి, బురద లోపలికి చేరుతుంటాయి. పొడి డిస్కు బ్రేకులున్న పాత మోడళ్లలో ఇది మరీ ఎక్కువ. నూనెలో మునిగి పనిచేసే బ్రేకులున్న బండ్లు ఈ విషయంలో స్పష్టంగా మెరుగు, మార్పిడికి నేను ఒప్పుకునే బలమైన కారణాల్లో ఇదొకటి.

కాలువ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలడం మరో హెచ్చరిక. రెండు చక్రాల తొట్టి తన బరువులో కొంత భాగాన్ని కొక్కెం మీద మోపుతుంది కాబట్టి, సరుకును వెనక్కి కాకుండా, పూర్తిగా ముందుకు కూడా కాకుండా సర్దాలి. కొక్కెం ఎంత కిందుగా ఉంటే అంత క్షేమం. పైలింకుకో (వెనక పనిముట్లను పట్టే పై కడ్డీకో), ఇరుసు కన్నా ఎత్తైన చోటుకో గొలుసు కట్టి లాగితే ట్రాక్టరు వెనక్కి తిరగబడి నడిపేవారి ప్రాణానికే ముప్పు. ముందు భాగానికి బరువు పలకలు తగిలించాక కూడా గొట్టా బ్యారేజీ కింది గట్ల మీదనో, మందస, మెళియాపుట్టి వైపు కొండవాలు రోడ్ల మీదనో స్టీరింగు తేలికైపోతుంటే, ఆ తొట్టికి ఆ బండి చాలదు.

ఇంజను పరీక్ష ఇంత కష్టమైనది కాదు. వేడెక్కిన తరువాత కూడా నీలి పొగ వస్తుంటే ఇంజనాయిలు కాలుతున్నదని, నల్ల పొగ వస్తుంటే గాలి ఫిల్టరో ఇంజెక్టర్లో చూడాలని, లేదా బరువు మించిందని, తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిలు సరిగా మండడం లేదని గాని, నీరు సిలిండరులోకి చేరుతున్నదని గాని గ్రహించాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే ఆవిరి గుప్పుగుప్పున తన్నుతుంటే రింగులు అరిగిపోయాయి. కొలపుల్ల మీద ఆయిలు పాలు కలిపినట్టు కనబడితే నీరు కలిసింది. ఎక్కువ గేరులో బరువు లాగుతున్నప్పుడు ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే అది క్లచ్చు జారడం. వీటిని చూసి చాలామంది బండి పని అయిపోయిందనుకుంటారు గాని, లైనర్లు, పిస్టన్లు, రింగులు, క్లచ్చు ప్లేట్లు సులభంగా దొరికే మోడలైతే ఇవన్నీ బాగుచేయించదగ్గవే. గేరుబాక్సు, వెనక ఇరుసుకు శక్తిని మళ్లించే క్రౌన్ పీనియన్, బ్రేకు హౌసింగు, హైడ్రాలిక్సు వంటి వెనక భాగాల్లో రెండు మూడు ఒకేసారి మొరాయిస్తే మాత్రం నా సలహా అమ్మేయమనే.

గంటల మీటరును గుడ్డిగా నమ్మకూడదు. పాత తరహా మీటర్లు ఇంజను నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే సరైన గంటలు చూపుతాయి, నెమ్మదిగా నడిపిన కాలాన్ని తక్కువగా లెక్కిస్తాయి. వ్యవసాయ ఇంజనీరింగులో ఖర్చు లెక్కలకు ట్రాక్టరు ఆయుష్షును 10 ఏళ్లు లేదా 10,000 గంటలుగా, చివరి విలువను కొన్న ధరలో 10 శాతంగా తీసుకోవడం పరిపాటి. అది లెక్క కోసం పెట్టుకున్న కొలమానమే, దాటిన రోజున బండి ఆగిపోతుందని కాదు.

ఉదాహరణకు కొత్త బండి 8 లక్షలనుకుందాం. 10 ఏళ్లలో తరుగుదల 7,20,000, అంటే ఏటా 72,000. కొన్న ధర, చివరి విలువల సగటు పెట్టుబడి 4,40,000 మీద 11 శాతం వడ్డీ 48,400. డీజిలు పోయకముందే ఏడాదికి 1,20,400 అయింది. ఏటా 600 గంటలు నడిపితే గంటకు సుమారు 200 రూపాయలు, 300 గంటలే నడిపితే సుమారు 400. ఇప్పుడు పాత బండి ధర 2 లక్షలని, ఇంజను పనికి 90,000, ఏటా చిల్లర మరమ్మతులకు 20,000 అవుతుందని అనుకుందాం. రెండేళ్ల తరువాత దాన్ని 1,50,000కు అమ్మితే, బండి ధరల సగటు మీద అదే 11 శాతం వడ్డీతో కలిపి ఏటా 1,09,250 పడుతుంది, కొత్తదానికి పెద్ద తేడా లేదు. నాలుగేళ్లు నడిపి 1,10,000కు అమ్మితే మాత్రం ఏటా 82,050కి దిగుతుంది. కాబట్టి మెకానిక్కును అడగవలసిన ప్రశ్న ఖర్చు ఎంతన్నది ఒక్కటే కాదు, ఈ పని తరువాత ఎన్ని పంటలు నడుస్తుందన్నది కూడా. సంకిలి ఫ్యాక్టరీకి చెరకు తోలుతూ ఏటా ఎక్కువ గంటలు నడిపేవారికి కొత్త బండి లెక్క కుదిరే అవకాశం ఎక్కువ, సొంత పొలానికి మాత్రమే వాడుకునేవారికి తక్కువ.

ఈ లెక్కలో ఆగిన రోజుల నష్టం కూడా వేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక ఎప్పుడైనా రావచ్చు. కోసిన వరి పనలు పొలంలో ఉండగా బండి షెడ్డులో ఉంటే, అద్దె బండికి అడిగినంత ఇవ్వాల్సిందే. గత రెండు సీజన్లలో అలా ఎన్ని రోజులు ఆగిందో, అద్దెకు ఎంత పోశారో రాసి మరమ్మతు ఖర్చుకు కలపండి.

మార్చాలని తేలితే, దమ్ము ఎక్కువగా ఉన్నవారు నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరును పరిశీలించవచ్చు. ముందు భాగం బరువుగా ఉండడం తొట్టి పనికీ ఉపకరిస్తుంది. అయితే తారు రోడ్డు మీద ముందు చక్రాలకు శక్తి పంపే లివరును తప్పించి నడపాలి, లేకపోతే ముందు, వెనక చక్రాల వేగంలోని స్వల్ప తేడా వల్ల ముందు టైర్లు ఒరుసుకుని అరిగిపోతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ పాత బండిని బేరమాడేవారు కూడా ఈ మాటే ఎత్తుతారని గుర్తుంచుకోండి.

కాగితాల సంగతికొస్తే, వ్యవసాయ ట్రాక్టరు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత తనిఖీ చేయించి 5 ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గరపడితే ఉంచుకునేవారైనా అమ్మేవారైనా ఆ ఖర్చును లెక్కలో వేసుకోవాలి. తొట్టికి వేరుగా రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యవసాయ వినియోగానికి తీసుకున్న బీమాతో కిరాయి తోలినా, తొట్టిలో మనుషులను ఎక్కించినా ప్రమాదం జరిగితే పరిహారం చిక్కుల్లో పడుతుంది. పాతదాన్ని అమ్మేటప్పుడు బ్యాంకు అప్పు తీరి ఉంటే ఫారం 35తో ఆర్‌సీలోని ఆ అప్పు నమోదును తీయించి, ఫారం 29, 30 దాఖలు చేసి, ఆర్‌సీ కొన్నవారి పేరుకు మారేదాకా వెంటపడాలి, ఎందుకంటే పేరు మారనంత కాలం ఆ బండి ప్రమాదానికి గురైతే నోటీసు మీ ఇంటికే వస్తుంది.